అందరికీ మూసిన క్వారీ

ఆ వేసవిలో మా చర్చి క్వారీని మూసేసింది. అందరికీ సమానంగా మూసేసింది. ఆ సమానత్వం చూసుకుని మావాళ్ళు ఎంత మురిసిపోయారో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది.

క్వారీ అంటే సున్నపురాయి తవ్వి వదిలేసిన పెద్ద గుంట. మా చర్చి గోడల రాళ్ళు అందులోంచి వచ్చినవే. తవ్వకం ఆగిపోయాక ఊటనీరు నిండింది. స్థలం చర్చిది, ఈత మాత్రం ఊరందరిదీ. మూడు వైపులా నిట్టనిలువు రాతిగోడలు. నాలుగోవైపు, ఒకప్పుడు రాళ్ళబళ్ళు దిగిన వాలు ఉంది. పిల్లలు దిగేది అక్కడే. కాస్త నడిస్తే నడుము లోతు, ఇంకో రెండడుగులు వేస్తే ఇక అడుగన్నదే తగలదు. అందుకే ఇండియానాలోని మా చిన్న ఊళ్ళో పిల్లలందరికీ ఈత తప్పనిసరి. ఆ నేర్పే పని ప్రతి జూన్‌లోనూ నా నెత్తిన పడేది. పెళ్ళికి ముందు కాలేజీలో ఈతపందేలు గెలిచాను, ఆ పాపానికి.

టాలివర్లు ఆ ఏడు వసంతంలో టెన్నెసీ నుంచి వచ్చారు. ఎజ్రా టాలివర్‌కి ఇనుము పోతపోసే ఫౌండ్రీలో పని దొరికింది కానీ నల్లవాళ్ళని ఊళ్ళో ఎవరూ అద్దెకి రానివ్వలేదు. చివరికి ఏటిపక్క పల్లంలో, వరదొస్తే గడప తడిసే ఇల్లొకటి దొరికింది. ఒక ఆదివారం ఆయనా, భార్య ఓపల్, పదేళ్ళ కూతురు రొవీనా మా చర్చిలోకి వచ్చి మూడో వరస బెంచీలో కూర్చున్నారు. బయట బోర్డు మీద ‘అందరూ రండి’ అని రాసి ఉంది మరి. అది చదివి నిజంగా వచ్చిన మొదటి మనుషులు వాళ్ళే అనుకుంటాను.

మావాళ్ళ సంబరం చూడాలి! మాది యూనివర్సలిస్టుల చర్చి. మాకు నరకం లేదు. దేవుడు ఎవర్నీ వదలడు, చివరికి అందర్నీ దరి చేరుస్తాడు అన్నది మా తాతల నాటి నమ్మకం. ఊళ్ళో బాప్టిస్టులు మమ్మల్ని ‘నిప్పులేని వంట’ అని ఎగతాళి చేసేవాళ్ళు. పైగా బానిసల రోజుల్లో పారిపోయి వచ్చినవాళ్ళని మా చర్చి నేలమాళిగలో దాచారు. ఏటా ఆగస్టులో, స్థాపకుల ఆదివారం నాడు ఆ కథ చెప్పుకుని కళ్ళు తుడుచుకోవడం మాకు ఆనవాయితీ. అంచేత ఆ రోజు టాలివర్లతో చేతులు కలపడానికి జనం బారులు తీరారు. ఓపల్‌కి సాయంత్రానికి చెయ్యి వాచి ఉంటుంది.

జూన్‌లో ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని క్వారీకి వచ్చింది.

“మిసెస్ క్రాండల్, పిల్లకి ఈత రావాలి,” అంది. బతిమాలినట్టు కాదు, డాక్టరుకి జబ్బు చెప్పినట్టు చెప్పింది. “పెరటి మెట్లు దిగితే ఏరే. మా తమ్ముడు అలాంటి ఏట్లోనే పోయాడు. మా ఊళ్ళో తెల్లపిల్లలకి ఈతకొలను ఉండేది. మాకు ఏరుండేది.”

“దింపండి,” అన్నాను.

రొవీనా కొత్త నీలం ఈతబట్టల్లో, పళ్ళు బిగించి, నడుము లోతుదాకా వచ్చింది. నీళ్ళలో అప్పటికి పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. ఒడ్డు మీద తల్లులు అల్లికలు పట్టుకుని కూర్చున్నారు. ముందుగా డాక్టర్ లేథమ్ భార్య లేచింది.

“టెడ్డీ, బయటికొచ్చెయ్ నాన్నా. పెదాలు నీలమైపోయాయి.”

ఎండ మాడ్చేస్తోంది. టెడ్డీ పెదాలు శుభ్రంగా ఎర్రగా ఉన్నాయి. తర్వాత ఇంకొకావిడకి పొయ్యి మీద కూర గుర్తొచ్చింది. మరొకావిడకి చుట్టాలు గుర్తొచ్చారు. ఒక్కరు కూడా చెడ్డమాట అనలేదు. మావాళ్ళ నోట చెడ్డమాటలు రావు. తువ్వాళ్ళు చుట్టుకుని, నాకు నవ్వుతూ చెయ్యూపి, ఒక్కొక్కరే వాలెక్కి వెళ్ళిపోయారు. నీళ్ళలో రొవీనా, నా కూతురు ఐవీ మిగిలారు.

“అందరికీ ఒకేసారి చలేసిందా అమ్మా?” అంది ఐవీ.

రొవీనా ఒడ్డున తల్లికేసి చూసింది. ఓపల్ తువ్వాలు మడత విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. ఆ పిల్ల బయటికొచ్చేస్తే ఇక ఎప్పుడూ దిగదని నాకు అర్థమైంది.

“ఇద్దరే ఉన్నారు, బావుంది, ఖాళీగా ఉంది,” అన్నాను గట్టిగా. “ఇద్దరూ వెల్లకిలా పడుకోండి. రొవీనా, మెడ వదిలెయ్. నీళ్ళు మోస్తాయి, నువ్వు మొయ్యక్కర్లేదు.”

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఓరిన్ బంగాళాదుంపలు వడ్డించుకుంటూ, “ఇవాళ కొట్టుకి మేకుల కోసం వచ్చినవాడల్లా నీ గురించే అడిగాడు,” అన్నాడు. మాది ఇనుప సామాన్ల కొట్టు. ఓరిన్ చర్చి సంఘానికి అధ్యక్షుడు కూడా.

“ఏమన్నావు?”

“మేకులు ఏ సైజు కావాలన్నాను.”

ఓరిన్ చెడ్డవాడు కాదు. ఒక మేకు ఎక్కువ తూగితే కొన్నవాడికే వదిలేసేవాడు, ఒక మాట ఎక్కువ దొర్లితే మాత్రం వెనక్కి తీసుకునేవాడు. అతనితో పోట్లాట పెట్టుకోవడం తలుపుతో పోట్లాడటమే.

“క్వారీలో ఏమైంది? ఎవరైనా మునిగారా?” అంది మా అత్తగారు. ఆవిడ్ని మదర్ క్రాండల్ అని పిలిచేదాన్ని. చెవిలో మిషన్ ఉండేది కానీ బ్యాటరీ అరుగుతుందని సగం సమయం కట్టేసి ఉంచేది.

“ఇంకా లేదు, మదర్ క్రాండల్,” అన్నాను.

ఓ వారం ఇద్దరు పిల్లలతోనే నడిపాను. రొవీనాకి తేలడం వచ్చింది, కాళ్ళు కొట్టడం వచ్చింది. కానీ నా చెయ్యి నడుం కింద ఉన్నంతసేపే. చెయ్యి తీస్తే నేల కోసం కాళ్ళు దింపేసేది. ఈలోగా మా కారు అద్దాల మీద ఎవరో బురద పూశారు. వాలు దగ్గర రాతి మీద సున్నంతో ఏదో రాశారు. అదేమిటో ఐవీ అడిగితే, పలకడానికి కూడా పనికిరాదని చెప్పి రుద్ది కడిగేశాను.

ఆ తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘం సమావేశం పెట్టారు. మాకు బిషప్ లేడు, పైనుంచి ఆజ్ఞలు రావు. పాస్టరుగారితో సహా మనిషికో ఓటు. చేతులెత్తితే అదే శాసనం. టాలివర్లు సంఘంలో చేరి ఏడాది కాలేదు కాబట్టి వాళ్ళకి ఓటు లేదు. మూడో వరసలో బుద్ధిగా కూర్చుని, తమ గురించి ఊరు ఎలా మాట్లాడుతుందో వినడమే.

మాట్లాడినవాళ్ళందరూ ప్రేమ గురించే మాట్లాడారు. అది వినీ వినీ నాకు చెమటలు పట్టాయి. చివరికి డాక్టర్ లేథమ్ లేచాడు. మంచి గొంతు అతనిది, పాటల బృందంలో ముందుంటాడు.

“మనకి ఎవరి మీదా ద్వేషం లేదు. ఊళ్ళో మాత్రం ఉద్రిక్తత ఉంది. ఏ పిల్లకైనా దెబ్బ తగిలితే మనదే పాపం. అందుకని క్వారీ నీటి శుభ్రత, భద్రత, ఊరి సామరస్యం, అన్నీ పరిశీలించడానికి ఒక కమిటీ వేద్దాం. నివేదిక వచ్చేదాకా గేటు పెట్టి, తాళం వేసి ఉంచుదాం. ఎవరికీ మినహాయింపు వద్దు. నా కొడుక్కీ వద్దు.”

పాము చావకూడదు, కర్ర విరగకూడదు. గది మొత్తం ఊపిరి వదిలింది. మా పాస్టరు ఫిస్క్ గారి మొహం వెలిగింది. “కనీసం వివక్షకి తావుండదు,” అన్నాడాయన. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఓపల్ లేచి నిలబడింది. “కమిటీ ఎప్పుడు చెబుతుంది?”

“అక్టోబర్‌లో, ఓపల్,” అన్నాడు లేథమ్. ఊళ్ళో తెల్లావిడలందరూ అతనికి మిసెస్ ఫలానాలే. ఈవిడ మాత్రం వచ్చిన మూణ్ణెల్లకే ఓపల్ అయిపోయింది.

“అక్టోబర్‌లో ఆ నీళ్ళలో బాతులు కూడా దిగవు!” అని అరిచాను.

“అధ్యక్షుల్ని ఉద్దేశించి మాట్లాడాలి, హెట్టీ,” అన్నాడు మా ఆయన.

“అధ్యక్షా, అక్టోబర్‌లో ఆ నీళ్ళలో బాతులు కూడా దిగవు.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఓరిన్ నవ్వలేదు. తీర్మానం చదివి, అనుకూలమైనవాళ్ళని చేతులెత్తమన్నాడు. లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది. “వ్యతిరేకం?” అన్నాడు. నేనెత్తాను. అతను ఎడమ గోడ దగ్గర మొదలుపెట్టి ప్రతి బెంచీ చూసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నిమిషం ఆగాడు. “ఒకరు,” అన్నాడు. గొంతు మారలేదు. రాసేవాడితో రాయించాడు.

బయట మెట్ల మీద మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకుంది. “ఇంతకీ దేనికి ఎత్తాం చెయ్యి?”

చెప్పాను.

“హవ్వ! నాకు చెప్పకుండా నా చేత ఎత్తిస్తారా!”

“మీరే ఎత్తారుగా.”

“అందరూ ఎత్తుతుంటే ఎత్తాను. చర్చి అన్నాక అంతే కదుటే!” అని, మిషన్ చెవిలో సరిగ్గా దూర్చుకుంది.

గేటు మా కొట్టులోంచే వెళ్ళింది. మనిషికన్నా ఎత్తు, గట్టి తీగవల, గొలుసు, తాళం. చెవి ఓరిన్ జేబులో.

జూలైలో ఎండలు ముదిరాయి. ఊరి పిల్లలకి ఆ వేసవి ఈత లేదు. మూసింది మేము, ఊరు తిట్టింది టాలివర్లని. ‘వాళ్ళు రాకముందు క్వారీ ఉండేది’ అన్న మాట మంగలికొట్టు నుంచి బాప్టిస్టుల మెట్లదాకా పాకింది. రొవీనా పాల కోసం దుకాణానికి వెళ్తే, నిన్నటిదాకా ఊరికే చూసిన పిల్లలు వెంటపడి, “మా నీళ్ళు మాకిచ్చెయ్!” అని కేకలేశారు. ఫౌండ్రీలో ఎజ్రా అన్నం డబ్బాలో ఎవరో ఇసుక పోశారు. తర్వాత వాళ్ళ ముందుగది కిటికీ పగిలింది. టాలివర్లు చర్చికి రావడం మానేశారు. మూడో వరస బెంచీ ఖాళీగా ఉండేది. దాన్ని ఎవరూ చూడకుండా పాటలు పాడుకునేవాళ్ళం.

ఇక ఉండబట్టలేక వాళ్ళింటికి వెళ్ళాను. ఓపల్ ఇస్త్రీ చేస్తోంది. కిటికీకి అట్ట కొట్టి ఉంది. బల్ల మీద కడిగి బోర్లించిన గాజు గిన్నెలు దొంతరగా ఉన్నాయి. ప్రతి గిన్నె అడుగునా అంటించిన పట్టీ మీద ఒక పేరు. అన్నీ నాకు తెలిసిన పేర్లే, మా చర్చి ఆడవాళ్ళవి.

“తీసుకెళ్ళి ఎవరివి వాళ్ళకిచ్చెయ్యండి,” అంది. “మాంసం, బంగాళాదుంపలు, జున్ను వేసిన సేమ్యా, రోజుకొకటి వచ్చింది. సానుభూతి కార్డులు కూడా. మా ఇంట్లో ఎవరు పోయారు మిసెస్ క్రాండల్?”

నేను గిన్నెలు చేతుల్లోకి తీసుకున్నాను.

“‘రావద్దు’ అని మొహం మీద చెప్పేవాళ్ళతో ఎలా బతకాలో నాకు తెలుసు. టెన్నెసీలో అది ఉగ్గుపాలతో నేర్పుతారు. ‘రండి రండి’ అంటూ తలుపేసేవాళ్ళతో ఎలా బతకాలో నాకు తెలియట్లేదు. క్వారీ మూయమని నేనడిగానా? ఇప్పుడు ఊళ్ళో ప్రతి పిల్లాడికీ నా కూతురే కంటగింపు.”

“మీ పెరటి ఏట్లోనే నేర్పుతాను. రేపే మొదలుపెడదాం.”

“ఏట్లో మా తమ్ముడికి నేర్పబోయింది నేనే.” ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. “చాటుగా వద్దు. దాన్ని ఆ నీళ్ళలోంచి పంపించారు. ఆ నీళ్ళలోనే, పట్టపగలు నేర్చుకోవాలి. ఎజ్రా డెట్రాయిట్ వెళ్ళిపోదాం అంటున్నాడు, అక్కడ వాళ్ళన్న ఉన్నాడు. వేసవి అయ్యేదాకా ఆగమన్నాను. ఈ పల్లం మమ్మల్ని ముంచినా ముంచకపోయినా, ‘నీకు నీళ్ళు లేవు’ అన్న మాట మాత్రం నా పిల్ల ఇక్కణ్ణించి మోసుకెళ్ళకూడదు.”

గిన్నెలు కారులో పెట్టుకుని తిన్నగా కొట్టుకి వెళ్ళాను. ఓరిన్ వెనకగదిలో గొలుసు తూకం వేస్తున్నాడు.

“తాళంచెవి ఇవ్వు.”

“ఇవ్వను.”

“ఓరిన్!”

“నాకు ఆ తీర్మానం నచ్చిందనుకుంటున్నావా హెట్టీ? నచ్చలేదు. అయినా లెక్కపెట్టాను. మనకి పోప్ లేడు, బిషప్ లేడు. చేతులెత్తడం ఒక్కటే ఉంది. అది కూడా నచ్చినప్పుడే చెల్లుతుందంటే మనకింకేం మిగులుతుంది?”

“ఒక పిల్ల మిగులుతుంది. మెడదాకా నీళ్ళలో, చేతులు ఎటు వెయ్యాలో తెలియక.”

అతని చెయ్యి జేబులోకి పోలేదు. ఆ రోజు నుంచి నేను ఐవీ గదిలో పడుకున్నాను. పెళ్ళయిన పదమూడేళ్ళలో అలా ఎప్పుడూ లేదు. మా ఇంట్లో ఉప్పు అందించమనడానికి కూడా మాట పెగల్లేదు. ఐవీ ఇద్దరి మొహాలూ చూసి తినడం తగ్గించింది. నా కాపురం ఏమైపోతుందో అన్న భయం నాకు లేదని చెబితే అబద్ధం.

స్థాపకుల ఆదివారం వచ్చింది. ప్రతి ఏడూ లాగే చర్చి వెనక పచ్చికలో బల్లలు వేశారు. పంది మాంసం, బంగాళాదుంపల సలాడు, ఆపిల్ పైలు, నిమ్మరసం. పచ్చిక చివర వాలు, వాలు మొదట్లో గేటు, గేటుకి అవతల నీళ్ళు నిమ్మళంగా మెరుస్తున్నాయి. పైలు కోసే వేళకి రమ్మని ఓపల్‌తో చెప్పి ఉంచాను. పాస్టరు ఫిస్క్ గారు నేలమాళిగ కథ ఎత్తుకున్నారు.

“తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే చట్టం ఒప్పుకోదు. ఊరు ఒప్పుకోదు. అయినా మన తాతలు...”

చర్చి పక్కనుంచి ఓపల్, రొవీనా తువ్వాళ్ళతో నడిచొచ్చారు. నేను లేచాను. ఐవీ నాతో లేచింది. నలుగురం బల్లల మధ్యనుంచి గేటు దగ్గరికి నడిచాం. చెంచాల చప్పుడు ఆగింది. ఫిస్క్ గారి కథ కూడా ఆగింది. కథలో మా తాతలు చెయ్యి గడియ మీద పెట్టి అలాగే ఉండిపోయారు.

తీగవలలో కాలు పెట్టి ఎక్కబోయాను. ఆదివారం గౌను చివర కొక్కేనికి పట్టుకుని పర్రున చిరిగింది. లోపల ఈతబట్టలు వేసుకున్నాను కాబట్టి పరువు దక్కింది. నా వయసుకి అది ఎక్కే గేటు కాదని అప్పుడర్థమైంది. వెనక్కి తిరిగి చూసేసరికి ఓరిన్ వస్తున్నాడు. జేబులో చెవులగుత్తి గలగలమంటోంది. తాళం తీస్తాడేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. నన్ను కిందికి లాగుతాడేమోనని మరుక్షణం అనుకున్నాను. అతను మా పక్కనుంచి తన ట్రక్కు దగ్గరికి వెళ్ళిపోయాడు.

రెండు నిచ్చెనలు భుజానేసుకుని వచ్చాడు. ఒకటి గేటుకి ఇవతల ఆనించాడు. రెండోది పైనుంచి జారవిడిచి అవతల నిలబెట్టాడు. కాలితో తన్ని గట్టిదనం చూశాడు.

“ఓరిన్!” డాక్టర్ లేథమ్ పరిగెత్తుకొచ్చాడు. “గేటుకి తాళం వేసి ఉంచాలని తీర్మానం!”

“వేసే ఉంది డాక్టర్. లాగి చూసుకో.”

“ఇది... ఇది తీర్మానాన్ని వెక్కిరించడం!”

“నిచ్చెనల గురించి తీర్మానంలో ఏమీ లేదు. కావాలంటే సవరణ తీసుకురా, ఓటుకి పెడతాను. సమావేశానికి రెండు వారాల ముందు నోటీసివ్వాలి, అది నీకూ తెలుసు.” తర్వాత నిచ్చెన అడుగు రెండు చేతులా పట్టుకుని ఓపల్‌తో అన్నాడు: “జాగ్రత్తండీ మిసెస్ టాలివర్, మూడో మెట్టు కాస్త వదులు.”

మా అత్తగారు కుర్చీ ఈడ్చుకొచ్చి నిచ్చెన పక్కనే వేసుకుని కూర్చుంది. “ఎక్కలేను గానీ, దీన్నెవడైనా తీస్తే మటుకు చూస్తాను,” అంది పెద్దగా.

అలా రెండు వారాలు దొరికాయి. రోజూ మధ్యాహ్నం నిచ్చెనెక్కి దిగాం. ఒకనాడు మెట్లు సగం కోసి ఉన్నాయి. ఓరిన్ కొత్త నిచ్చెన తెచ్చి, భోజనం అక్కడే కూర్చుని తినడం మొదలెట్టాడు. పైన రాతిగోడల మీద కుర్రకారు, వాళ్ళతోపాటు గడ్డాలొచ్చిన మగవాళ్ళు చేరి గులకరాళ్ళు విసిరేవాళ్ళు. ఒకటి నా భుజానికి తగిలింది. నేను ఐవీ గదిలోంచి నా దిండు మళ్ళీ మా గదికి తెచ్చుకున్నది ఆ రోజే. మా కొట్టుకి మనుషులు రావడం దాదాపు ఆగిపోయింది.

తర్వాత ఏమైందో ఇప్పుడే చెప్పేస్తాను. లేథమ్ సవరణ నెగ్గింది. ఈసారి వ్యతిరేకంగా చాలా చేతులు లేచాయి, ఫిస్క్ గారిది కూడా, కానీ సరిపోలేదు. ఓరిన్ అధ్యక్షుడి చెక్కసుత్తి పక్కవాడికిచ్చేసి, కుర్చీ దిగొచ్చి నా పక్కన కూర్చుని చెయ్యెత్తాడు. లెక్క తేలాక వెళ్ళి నిచ్చెనలు తనే తీసేశాడు. ఓటు ఓటే అన్నాడు. సెప్టెంబర్‌లో టాలివర్లు డెట్రాయిట్ వెళ్ళిపోయారు. అక్టోబర్‌లో కమిటీ నివేదిక వచ్చింది, నీళ్ళలో ఏ దోషమూ లేదట. మరుసటి వసంతానికి మా కొట్టు మూతపడింది, మేమూ ఊరు వదిలాం. చర్చి ఇంకా అక్కడే ఉంది, బోర్డు కూడా.

కానీ ఆ సమావేశానికి ముందు ఒక శనివారం ఉంది.

క్వారీ నడిమధ్యన చెక్కల తెప్ప ఒకటి లంగరేసి ఉండేది. ఒడ్డు నుంచి ఒంటరిగా ఈది దాన్ని ముట్టుకుంటేనే ఈత వచ్చినట్టు లెక్క. ఊళ్ళో ఏ పిల్లకైనా అదే పరీక్ష. రెండు వారాల్లో రొవీనా అన్నీ నేర్చుకుంది, ఆ చివరి భయం మాత్రం వదల్లేదు. నా వేలు తగులుతుంటే చాలు, చేపలా వచ్చేసేది. వేలు తీస్తే కాళ్ళు నేల వెతుక్కునేవి. మర్నాడు నిచ్చెన ఉండదని మా అందరికీ తెలుసు. పైన గోడల మీద ఆ రోజు జనం ఎక్కువయ్యారు. ఒక ట్రక్కు హారన్ ఆపకుండా మోగుతోంది. ఎజ్రా పనిలోంచి అలాగే వచ్చాడు, మసి మొహంతో గేటు దగ్గర ఓరిన్ పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ పైకే చూస్తున్నారు.

“వెళ్తావా?” అన్నాను.

రొవీనా తలూపింది.  నడుము లోతుదాకా నడిచి, ఒరిగి, కాళ్ళు కొట్టింది. నేను వెంట వెళ్ళలేదు, వెళ్తే పరీక్ష కాదు. బాగా వెళ్తోంది. సగం దూరం దాటింది. అప్పుడు పైనుంచి ఒక రాయి పడింది, గులకరాయి కాదు, తలకాయంత రాయి. పిల్లకి బారెడు దూరంలో నీళ్ళు పైకి లేచాయి. రొవీనా చేతులు ఆగిపోయాయి. తల మునిగింది. తేలింది. నీళ్ళు మింగి దగ్గింది.

నేను దూకబోయాను. ఓపల్ నా చెయ్యి పట్టుకుంది.

“ఉండండి.”

“మునిగిపోతుంది ఓపల్!”

“ఉండండి,” అంది. ఆవిడ గోళ్ళు నా చేతిలోకి దిగిపోయాయి. పట్టు వదల్లేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో, బట్టలు తడుస్తుంటే, కూతురు తప్ప ఈ లోకంలో ఇంకేమీ లేనట్టు చూస్తోంది.

“అమ్మా!” రొవీనా కేక రాతిగోడలకి కొట్టుకుని తిరిగొచ్చింది. “అమ్మా, కాళ్ళకి నేల అందట్లేదు!”

“అందదు!” అని అరిచింది ఓపల్. అంత గొంతు ఆవిడకుందని నాకు తెలియదు. పైన హారన్ ఆగింది. “అక్కడ నేల లేదు! వెతక్కు! ఈదు!”

ఒక్క క్షణం ఆ పిల్ల మొహం మాకేసి తిరిగి అలాగే ఉండిపోయింది. తర్వాత వెతకడం మానేసింది. కాళ్ళు పైకొచ్చాయి. ఒక చెయ్యి లేచింది, రెండోది లేచింది. వంకరటింకరగా, నీళ్ళు చెల్లాచెదురుగా కొడుతూ, నేను నేర్పిన ఒక్క పద్ధతీ పాటించకుండా ఈదింది. తెప్ప అంచు చేత్తో పట్టుకుంది. పట్టుకుని కాసేపు వేలాడింది.

మా వెనక ఎవరిదో ఏడుపు వినిపించింది. ఎజ్రాదో ఓరిన్‌దో తిరిగి చూడలేదు. ఓపల్ ఇంకా నా చెయ్యి వదల్లేదు.

రొవీనా తెప్ప మీదికి పాకి, లేచి నిలబడి, జడలు పిండుకుంది. తల ఎత్తి గోడల మీదున్న ప్రతి మొహాన్నీ తీరిగ్గా చూసింది. ఆమెని తీసుకురావడానికి నేను నీళ్ళలోకి అడుగేశాను. మేమెవరం పిలవకముందే, రమ్మని చెప్పకముందే, తనంతట తనే ముక్కు మూసుకుని మళ్ళీ లోతులోకి దూకింది.